అమ్మ పన్ను, పక్కింటోడు

ఆ రోజు జూలై ఎనిమిది, శనివారం. మధ్యాహ్నం ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. పైన ఉప్పు, మిరియాల పొడి, కాస్త వెన్న. మా అమ్మాయి పిట్టకి అప్పుడు పదకొండేళ్ళు. పొత్తును రెండు చేతులా పట్టుకుని ముందుపళ్ళతో ఒక్కో వరసా ఈ చివరినుంచి ఆ చివరికి, టైపు కొట్టినట్టు కొరుక్కుంటూ పోయేది. వరస అయిపోగానే టైపు మిషను గంటలా "టింగ్" అనేది. వాళ్ళమ్మ నవ్వలేక నవ్వలేక పొలమారి నీళ్ళు తాగింది. పిట్ట ముందుపళ్ళతో పొత్తు కొరకడం అదే ఆఖరు.

సాయంత్రం ఎవరిదో సైకిలెక్కి వీధి మలుపులో కాలువ మూతకి కొట్టుకుని పడింది. హ్యాండిల్ వచ్చి నోటికి తగిలింది. పై వరసలో ముందున్న రెండు పళ్ళలో ఎడమదాని మూల విరిగిపోయింది. కుడిది వేరుతో సహా ఊడి మట్టిలో పడింది.

మా అక్క అప్పటికే మా ఇంట్లో ఉండేది. "సబ్బు పెట్టి తోమండర్రా దాన్ని, ఎంత మట్టో!" అంటూ బ్రష్షు పట్టుకొచ్చింది. నా భార్య ఆ బ్రష్షు లాక్కుని అవతల పారేసింది. పన్నును వేరు వైపు ముట్టుకోకుండా తీసి, కుళాయి కింద ఒక్కసారి తడిపి, తన నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకుంది. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్లో దర్జీ. రోజంతా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పని చేసే మనిషి. నోట్లో పెట్టుకున్నది మింగకుండా, పారేయకుండా ఉండటం ఆవిడకి చేతనైనట్టు ఇంకెవరికీ కాదు.

బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే చేతులతో చూపించింది. "మూగావిడా, పాపం" అన్నాడతను నాతో. పిల్ల నోటికి తువ్వాలు అదిమి పట్టుకుని ఉన్నవాణ్ణి, వివరాలు చెప్పే ఓపిక లేక అవునన్నాను. మా కాపురం మొత్తంలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క ప్రయాణంలోనే. ఆ "అవును"కి మాత్రం తర్వాత నెల రోజులు నన్ను సాధించింది.

పళ్ళ డాక్టరమ్మ ఆ పన్నును మళ్ళీ దాని చోట కూర్చోబెట్టి, సన్నటి తీగతో పక్క పళ్ళకి కట్టింది. "ఎండిపోకుండా తెచ్చారు. బతికిందంటే మీ వల్లే" అంది నా భార్యతో. విరిగిన ఎడమ పన్నుకి తెల్లటి మందు పెట్టి మూల అతికించింది. అతుకు కూడా తెలియకుండా కుదిరింది.

ఆనాటినుంచీ మా ఇంట్లో కుడిదాని పేరు అమ్మ పన్ను. ఎడమదాని పేరు పక్కింటోడు.

అమ్మ పన్నుకి జరిగిన సేవలు ఇన్నీ అన్నీ కావు. వేరులోపల శుభ్రం చేయించడం, ఎక్స్‌రే ఫొటోలు తీయించడం, ఏటా చూపించడం. పిట్ట హైస్కూలు దాటాక ఒకసారి డాక్టరమ్మ అద్దం కాడతో దాన్ని తట్టి విని, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఈ పన్ను ఎముకతో అతుక్కుపోతోందట. ఎముక దాని వేరును తన సొంతమే అనుకుని కొద్దికొద్దిగా తినేస్తుందట. ఏళ్ళు పడుతుంది, నొప్పి ఉండదు. "కానీ ఎప్పుడైనా పైన చిగురు వాచిందంటే ఆలస్యం చేయకండి. అప్పుడు తీసేయాల్సి రావచ్చు" అంది.

ఆ మాట మా ముగ్గురికీ అలాగే నాటుకుపోయింది. నా భార్య పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. ఆ మాట ఇద్దరికి మిగిలింది.

*

పిట్ట క్లారినెట్ ఊదుతుంది. ఆ వాద్యం సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. దాని మూతికి కింద పెదవి మెత్తగా ఆనుతుంది, పైన మాత్రం ముందుపళ్ళే ఆనుతాయి. పళ్ళమీదే దాని బరువు, వణుకు, అన్నీ. నగర వాద్యబృందంలో ఒక ఖాళీ వచ్చింది. ఎన్నో ఏళ్ళకి ఒక్కసారి వచ్చే ఖాళీ. దానికి పరీక్ష ఉదయం పూట పెట్టారు.

ఆ ముందురోజు మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. పిట్ట గది తలుపు వేసి ఉంది. సాధన చేసే వేళ. లోపలినుంచి చప్పుడు వస్తోంది గాని, పాట రావడం లేదు. టకటకమని మీటల చప్పుడు మాత్రమే. ఊదకుండా వేళ్ళు ఆడిస్తోంది. కాసేపు విన్నాను. ఊపిరి కోసం ఆగాల్సిన చోట్ల ఆగుతోంది కూడా. ఊపిరి మాత్రం లేదు.

తలుపు తోశాను. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మెడకి చుట్టుకున్న స్కార్ఫు ముక్కు దాకా లాక్కుంది.

"ఏమ్మా, చలా?"

"ఊఁ."

"ఈ ఎండలోనా?"

దగ్గరికెళ్ళి స్కార్ఫు కిందికి లాగాను. పై పెదవి ఉబ్బి ముక్కు కింద నున్నగా మెరుస్తోంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నిన్నటినుంచి." స్కార్ఫు కొస వేలికి చుట్టుకుంటూ, "మొన్నటినుంచి" అంది.

పెదవి ఎత్తి చూపించమన్నాను. రెండు ముందుపళ్ళకీ నడిమిన, పైన చిగురు మీద ఎర్రటి బొబ్బ. నా చేతిలో తుడుపుగుడ్డ ఇంకా ఉంది. దాన్ని మడత పెట్టాను. విప్పి మళ్ళీ మడత పెట్టాను.

"పద, డాక్టరమ్మ దగ్గరికి."

"రాను నాన్నా."

"పిట్టా..."

"ఆవిడ తీసేస్తుంది. చెప్పింది కదా అప్పుడే. తీసేస్తే రేపు నేను ఊదలేను. రేపయ్యాక తీయించుకుంటాను, నువ్వు చెప్పిన చోటల్లా తీయించుకుంటాను."

"ఇప్పుడు ఊదగలుగుతున్నావా?"

జవాబుగా క్లారినెట్ తీసి నోట పెట్టుకుంది. ఒక్క స్వరం. అది మొదలవుతూనే తెగింది. పిట్ట కళ్ళు గట్టిగా మూసుకుంది. చెంపమీదికి నీళ్ళు కారాయి.

మా అక్క అప్పుడే నిద్ర లేచి గుమ్మంలోకి వచ్చింది. కట్టుడుపళ్ళు ఇంకా పెట్టుకోలేదు, మాటలు గాలి పోతూ వచ్చాయి. "ఏమిటే అది, పిల్లిని తొక్కినట్టు?"

"పన్ను, అత్తా."

"ఓస్, పన్నే కదా! పీకించి పారేయ్. నాకు చూడు, ఒక్కటీ లేదు. గ్లాసులో పడుకుంటాయి, పొద్దున్నే లేస్తాయి, నన్ను పల్లెత్తు మాట అనవు."

"నీకేం, నువ్వు క్లారినెట్ ఊదవు."

"నేను మీ మామయ్యని నలభై ఏళ్ళు ఊదరగొట్టానే. పళ్ళున్నా లేకపోయినా ఆగలేదు."

పిట్టకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి పుట్టి మూతి పట్టుకుంది. అక్క మొహంలో నవ్వు పోయింది. దగ్గరికొచ్చి పెదవి చూసింది. "ఒరే, దీన్ని తీసుకెళ్ళరా. జ్వరం కూడా తగిలినట్టుంది" అంది నాతో, మెల్లగా.

పిట్ట మంచం అంచున కూర్చుంది. "అమ్మ నోట్లో పెట్టుకుని తెచ్చింది నాన్నా. బస్సులో దగ్గు కూడా ఆపుకుంది. దాన్ని నేను కుర్చీలో కూర్చుని నోరు తెరిచి, తీసుకోండి అని ఇచ్చేసి రావాలా?"

నాకూ ఆ భయమే. ఆవిడ చీరలు ఎవరెవరికో ఇచ్చేశాను. కుట్టుమిషను కొట్టుకే ఇచ్చేశాను. వాటికేమీ అనిపించలేదు. ఈ ఒక్కటి మాత్రం ఇంట్లో నవ్వుతూ తిరుగుతోంది.

"తీయించడానికి కాదు" అన్నాను చివరికి. "లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి. నువ్వు సరే అనందే ఆవిడ చేత చెయ్యి వేయించను. ఇది నా మాట."

"ఒట్టు?"

"ఒట్టు."

"అత్తమీద ఒట్టు?"

"నామీద ఎందుకే, మధ్యలో?" అంది అక్క. అంటూనే పిట్ట చెప్పులు వెతికి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

*

దవాఖానాలో జనం లేరు. అదొక మేలు. డాక్టరమ్మ జుట్టు బాగా నెరిసింది. పిట్టను చూడగానే గుర్తు పట్టింది, నన్ను చూసి పక్కన ఎవరో ఉండాలన్నట్టు ఒక్క క్షణం వెతికింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా భుజం తట్టి, కుర్చీ వైపు చూపించింది.

పిట్ట కుర్చీ ఎక్కకముందే చెప్పేసింది. "డాక్టర్ గారూ, రేపు పొద్దున్న నాకు పరీక్ష. మీరు ఇవాళ తీసేస్తే నా బతుకు ఆగిపోతుంది."

"ముందు నోరు తెరవమ్మా. బతుకు సంగతి తర్వాత."

నేను గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కుర్చీ పక్క పళ్ళెంలో పట్టకారు ఉంది, పళ్ళు తీసేది. మెరుస్తోంది. నా చూపు దానిమీదే ఉందని డాక్టరమ్మ ఎప్పుడు గమనించిందో, పని చేసుకుంటూనే ఒక తెల్లని కాగితం తీసి పళ్ళెం మీద కప్పింది.

తర్వాత అద్దం కాడతో పళ్ళు తట్టడం మొదలుపెట్టింది, చివరినుంచి. టక్. టక్. టక్. మెత్తటి చప్పుడు. అమ్మ పన్ను దగ్గరికి వచ్చింది. పిట్ట రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. నేనూ స్టూలు పట్టుకున్నాను.

టింగ్.

గాజు గ్లాసును తట్టినట్టు, ఆ పన్ను ఒక్కటీ వేరే స్వరం పలికింది. పిట్ట కదల్లేదు.

"నొప్పి?"

"లేదు." దాని గొంతులో ఆశ్చర్యం.

డాక్టరమ్మ మళ్ళీ తట్టింది. టింగ్. "ఇప్పుడు?"

"లేదండీ."

అద్దం కాడ పక్క పన్నుకి ఇలా తగిలిందో లేదో, పిట్ట కుర్చీలోంచి లేచినంత పని చేసింది. అరుపు వీధిదాకా వినబడి ఉంటుంది.

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి, చల్లటి మందు పిచికారీ చేసిన దూది ఉండ ఒకటి పట్టుకుని అటూ ఇటూ పళ్ళకి తాకించింది. "చల్లగా ఉందా? ఇక్కడ? ఇక్కడ?" ఉంది, ఉంది అంది పిట్ట. ఎడమ ముందు పన్ను దగ్గరికి వచ్చేసరికి, "పెట్టారా?" అని అడిగింది.

"పెట్టి చాలాసేపైంది."

ఫొటో తీసింది. అది తెర మీదికి వచ్చేదాకా పిట్ట నా వైపే చూస్తోంది. "ఒట్టేశావు" అంటున్నట్టుంది ఆ చూపు.

"ఇలా రండి" అంది డాక్టరమ్మ. తెర మీద రెండు పళ్ళూ పక్కపక్కన ఉన్నాయి. కుడిదాని వేరు అంచులు చెదలు కొట్టినట్టు గరుకుగా ఉన్నాయి, కొంత మేర ఎముకలో కలిసిపోయింది. కానీ చుట్టూ ఎముక తెల్లగా, గట్టిగా ఉంది. ఎడమదాని వేరు సన్నగా, అందంగా, చెక్కు చెదరకుండా ఉంది. ఆ వేరు కొసన మాత్రం, దీపం చుట్టూ పొగచూరినట్టు, గుండ్రటి నల్లటి నీడ.

"చీము ఇక్కడిది" అంది. "ఆ రోజు పడ్డప్పుడు ఈ పన్నుకీ లోపల దెబ్బ తగిలింది. పైకి మూల విరిగిందంతే అనుకున్నాం. లోపలి నరం ఎప్పుడో చచ్చిపోయింది, చప్పుడు లేకుండా. విరిగిన పళ్ళలో ఇలా ఏళ్ళ తర్వాత బయటపడేవి ఉంటాయి. అందుకే రెంటినీ చూస్తూ ఉండాలి."

"పక్కింటోడా?" అంది పిట్ట.

"ఎవరు?"

నేను పేర్ల సంగతి చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు, పెదవి కొరుక్కుంది. "ఏటా ఇక్కడికి వచ్చి మీరు అమ్మ పన్ను ఎలా ఉందని అడిగేవాళ్ళు. నేనూ దాన్నే చూసేదాన్ని. పక్కింటోడి తలుపు తట్టినవాళ్ళు లేరు." తర్వాత పిట్టను అడిగింది. "వాయిద్యం ఎక్కడ ఆనించుకుంటావు? నడిమినా?"

పిట్ట తడబడింది. "నడిమిన ఆనించుకోవాలి. కానీ నేను కొంచెం ఎడమకి జరుపుకుంటాను. మొదటినుంచీ. అమ్మ పన్నుమీద బరువు పడకూడదని."

"బరువంతా వీడిమీద వేసి."

"ఊఁ."

"బరువు వల్ల చావలేదులే. కానీ నొప్పి ఇవాళ నిన్ను పట్టుకుందంటే దానివల్లే. మంచిదే, లేకపోతే ఇంకా ఆలస్యంగా తెలిసేది."

"మరి... అమ్మ పన్ను?" అడిగింది నేను.

"అది వెళ్ళిపోతుందండీ. ఎప్పుడని అడక్కండి. రెండేళ్ళో, పదేళ్ళో. నెమ్మదిగా ఎముకైపోతుంది. కానీ రేపు కాదు. వీడు చచ్చినా వేరు బాగుంది. లోపల శుభ్రం చేస్తే చాలా కాలం నిలబడతాడు. ఏదీ తీయను."

పిట్ట కుర్చీలో వెనక్కి వాలింది. ఊపిరి వదిలితే క్లారినెట్ ఊదేవాళ్ళ ఊపిరి ఎంత ఉంటుందో తెలిసింది.

కానీ చిక్కు తీరలేదు. పన్ను తొలిచి చీము ఇవాళే బయటికి తీయాలి. మత్తు సూది వేస్తే పెదవి గంటల తరబడి మొద్దుబారుతుంది. వాచిన చోట సూది సరిగ్గా పని చేయకపోవచ్చు కూడా. పిట్ట సాయంత్రమే, పళ్ళమీద బరువు పడకుండా ఊదే కొత్త పద్ధతి వెతుక్కోవాలి.

"సూది వద్దు" అంది.

"చచ్చిన పన్ను తొలిస్తే తెలియదు. అదురుకి మాత్రం నొప్పి ఉంటుంది. నా వేలితో గట్టిగా పట్టుకుంటాను. తట్టుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తాను."

పిట్ట నన్ను చూసి తల ఊపింది. నా మాట చెల్లినట్టే. నేను స్టూలు జరుపుకుని దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చెప్పు విడిపోయి వేలాడుతోంది. తీసి కింద పెట్టి, పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. తొలిచే మర మొదలైంది. పాదం నా చేతిలో బిగుసుకుంది, వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి కుర్చీమీదనుంచి రెండుసార్లు లేవబోయి మళ్ళీ పడింది. ఆపమని నేనే అరుస్తానేమో అనిపించి పళ్ళు బిగబట్టాను. ఆ మర చప్పుడులో నా భార్య బస్సులో ఎలా కూర్చుందో గుర్తొచ్చింది. కిటికీ వైపు చూస్తూ, బుగ్గ ఒక్కటి కొంచెం ఉబ్బి.

ఉన్నట్టుండి దుర్వాసన. "వచ్చేసింది" అంది డాక్టరమ్మ. నా చేతిలో పాదం, వేలు తర్వాత వేలు, వదులైంది.

*

సాయంత్రం పిట్ట తలుపు తీసి పెట్టుకుని సాధన చేసింది. పళ్ళు తగలకుండా పై పెదవిని కూడా లోపలికి మడిచి, దానిమీద క్లారినెట్ ఆనించింది. వాళ్ళ మాష్టారు పాతకాలం మనిషి, అలాగే ఊదేవాడు. "ముసలి మూతి" అని పిల్లలంతా వెనక ఎగతాళి చేసేవాళ్ళు. పిట్ట అందరికంటే ఎక్కువ.

మొదటి స్వరాలు వణికాయి. "దూడ అరిచినట్టుందే" అంది అక్క. "ఇంకోసారి ఊదు, ఈసారి ఆవులా."

"అత్తా, నువ్వు కాసేపు ఆ పళ్ళు గ్లాసులో వేసేసుకో."

కానీ మళ్ళీ ఊదింది. మళ్ళీ. చీకటి పడే వేళకి స్వరం కుదురుకుంది. మునుపటి పదును లేదు. ఏదో గుండ్రదనం వచ్చింది. "పళ్ళకి ఆనిస్తే తలకాయలోపల వినబడేది నాన్నా" అంది. "ఇప్పుడు బయటినుంచి వినబడుతోంది. మీకు వినబడినట్టు." పెదవి లోపలివైపు పళ్ళ గుర్తులు పడ్డాయి. రక్తం రాలేదు. అదీ ఒక మేలే.

మర్నాడు పరీక్ష జరిగే గది బయట బెంచీమీద కూర్చున్నాను. విని ఎంచేవాళ్ళకీ ఊదేవాళ్ళకీ మధ్య తెర కడతారట, ఎవరో తెలియకుండా. నాకు మాత్రం మొదటి ఊపిరికే తెలిసిపోయింది. నెమ్మది భాగం బాగానే గడిచింది. తర్వాత పైకెక్కే చోటు వచ్చింది. నిన్న సాయంత్రం ప్రతిసారీ అక్కడే తెగింది. బెంచీ అంచు నా చేతికి గుచ్చుకుంటోంది. స్వరం పైకి పోయింది, ఇంకొంచెం పోయింది, చీలింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. లేచి నిలబడ్డాను. అంతలో అదే చోటునుంచి, తొందరపడకుండా, కొంచెం చిన్న గొంతుతో మళ్ళీ అందుకుంది. ఈసారి ఎక్కింది. చివరిదాకా దిగలేదు.

బయటికి వచ్చి, "చీలింది, విన్నావా?" అంది.

"విన్నాను. తర్వాతది కూడా విన్నాను."

సాయంత్రం ఫోను వచ్చింది. ఖాళీ అయిన మొదటి కుర్చీకి, అంటే ముందుండి ఊదే చోటుకి, ఇప్పుడు రెండో కుర్చీలో ఉన్నాయన్ని జరుపుతారట. రెండో కుర్చీకి పిట్టను రమ్మన్నారు. ముందు కొన్నాళ్ళు చూస్తారట. మెత్తటి స్వరం పక్కవాళ్ళతో బాగా కలుస్తుందన్నారట. అది ఫోను పెట్టేసి, గోడకి ఆనుకుని, అలాగే కిందికి జారి నేలమీద కూర్చుంది.

రాత్రికి మా అక్క మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టింది. కత్తితో గింజలు దూసి మూడు గిన్నెల్లో పోసింది. ఒకటి తనకి, ఒకటి పిట్టకి, ఒకటి నాకు. "నాకు పళ్ళున్నాయి కదా అక్కా" అన్నాను. "ఉంటే ఉన్నాయి, అందరితోపాటే తిను" అంది. వెన్న కాస్త ఎక్కువే వేసింది.

పడుకునే ముందు దీపం ఆర్పారో లేదో చూడటానికి వెళ్ళాను. పిట్ట గోడ వైపు తిరిగి పడుకుంది. క్లారినెట్ పెట్టె మంచం పక్కన కుర్చీమీద ఉంది. నిద్రపోయిందనుకున్నాను. అంతలో చీకట్లో గోటితో పన్ను తట్టిన చప్పుడు వినబడింది. టింగ్. కాసేపాగి దాని పక్కది, ఇంకా మెల్లగా.

గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని తలుపు దగ్గరగా వేశాను.